నాదా, కాదా?

మొన్న గోపాల్‌పేట బడి మైదానంలో కబడ్డీ పోటీలకు గీతలు గీస్తుంటే సున్నం వాసన గుప్పున ముక్కుకు తగిలింది. తడి మట్టి మీద పొడి సున్నం పడితే వచ్చే వాసన అది. గొంతులో కొంచెం మంట పెడుతుంది, కళ్లలో నీళ్లు తిరుగుతాయి. గీతలు గీస్తున్న పీఈటీ సారు నాకు వరసకు అల్లుడు. "ఏంది మామా, ఏడుస్తున్నవా?" అని నవ్వాడు. "నీ వంకర గీత జూసి ఏడుస్తున్న," అన్నాను. అతను నవ్వుకుంటూ ముందుకు పోయాడు గానీ నేను అక్కడే గట్టు మీద కూర్చుండిపోయాను. ఆ వాసన తగిలితే నేను గోపాల్‌పేటలో ఉండను. సౌదీలో, చుట్టూ ఇసుక, మధ్యలో పచ్చగా ఉన్న ఒక ప్రాక్టీసు మైదానంలో ఉంటాను. చేతిలో సున్నం డబ్బా ఉంటుంది. ఎదురుగా మోకాలికి పట్టీ చుట్టుకున్న ఒక పొడుగాటి మనిషి నిలబడి ఉంటాడు.

ఆయన పేరు రాయను. ఆయనకు అది నచ్చదు, రాసినా మా ఆత్మకూరు వైపు ఎవరూ గుర్తుపట్టరు. మా దగ్గర బంతి అంటే క్రికెట్ బంతి, ఆట అంటే కబడ్డీ. అక్కడ మాత్రం టాక్సీ నడిపేవాడి నుంచి రొట్టెలు కాల్చేవాడి దాకా అందరూ ఆయన్ని కాప్తన్ అనేవాళ్లు. ఫుట్‌బాల్ ఆటగాళ్లను అక్కడ అలాగే పిలుస్తారు, జట్టుకు నాయకుడైనా కాకపోయినా. ఖర్జూరం తోటల మధ్య ఒక చిన్న ఊళ్లో పుట్టాడు. వాళ్ల నాన్న నీళ్ల ట్యాంకరు నడిపేవాడు. సందులో ఒక దుకాణం ఇనుప షట్టరునే గోలుగా పెట్టుకుని ఉత్త కాళ్లతో ఆడేవాడట. ఆ షట్టరు చప్పుడుకు మధ్యాహ్నం కునుకు చెడిన దుకాణదారుడే విసిగిపోయి, ఒకనాడు తన బండిలో ఎక్కించుకుని పట్నంలో క్లబ్బు గేటు ముందు దింపి, "వీన్ని మీరన్న ఉంచుకోండ్రి, నన్ను బతకనియ్యుండ్రి" అని వెళ్లిపోయాడట. మీసం సరిగ్గా రాకముందే పెద్ద జట్టులో ఆడాడు. దేశం తరఫున ఆడాడు. ఇతర దేశాల జట్లను వాళ్ల గడ్డ మీదనే ఏడిపించి వచ్చాడు. ఆయన కొట్టిన గోల్స్‌లో చాలావరకు తలతో కొట్టినవే. గాలిలోకి లేచాడంటే, ఎవరో పైనుంచి పట్టుకుని ఒక క్షణం ఆపినట్టు ఉండేది. నేను ఆయన దగ్గరికి చేరేనాటికి వయసు మీద పడింది, మోకాలికి ఆపరేషన్ అయింది. ఆ దేశపు లీగులో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టిన రికార్డు ఒక పాత ఆటగాడి పేరు మీద ఎన్నో ఏళ్లుగా ఉంది. కాప్తన్ దాని దగ్గరదాకా వచ్చి ఉన్నాడు. ఆ రికార్డుకు ఒక్క గోలు దూరంలో ఆయన చేసిన పనిని నేను నా రెండు కళ్లతో చూశాను. అది చెప్పడానికే ఈ రాత.

నా పేరు యాకోబు. మా తాత, మా నాయిన మట్టిపనికి దేశమంతా తిరిగినవాళ్లు. ఎక్కడ కాలువ తవ్వినా, ఎక్కడ కట్ట పోసినా అక్కడ పాలమూరు గుడిసెలు ఉండేవి, వాటిలో మాదీ ఒకటి. నేను సముద్రం దాటాను, అంతే తేడా. తోటపని అని చెప్పి తీసుకుపోయి, ఫుట్‌బాల్ క్లబ్బులో గడ్డి పెంచే పనిలో పెట్టారు. నాకంటే ముందే మల్దకల్ నుంచి వచ్చిన దేవదానం అన్న అక్కడ ఉన్నాడు. నాకు పని నేర్పింది, అన్నం వండిపెట్టింది, రోజుకు నాలుగు తిట్లు తిట్టింది ఆయనే. అక్కడ మా మాటలు సగం అరబ్బీ, సగం ఉర్దూ, మిగిలినదంతా చేతులు. కానీ నాకు ఇప్పుడు గుర్తుకొచ్చేది మాత్రం అన్నీ మా పాలమూరు మాటల్లోనే. నా జ్ఞాపకంలో కాప్తన్ కూడా ఆత్మకూరు సంతలో పుట్టిపెరిగిన మనిషిలాగే మాట్లాడతాడు. కాబట్టి అలాగే రాస్తున్నాను.

మొదటిరోజే నా వల్ల గొడవ అయింది. పైపు పట్టుకుని మైదానంలోకి అడుగుపెట్టబోతూ, తెల్లగీత దగ్గర ఆగి బూట్లు విప్పి పక్కన పెట్టాను. నేనేమీ ఆలోచించి చేయలేదు, చేతులే ఆ పని చేశాయి. మా మేనేజరు, ఈజిప్టు మనిషి, అది చూసి కేకలు పెట్టుకుంటూ వచ్చాడు. బూట్లు లేకుండా పనిచేయడం అక్కడ నేరం. ఆయన ఏమంటున్నాడో నాకు తెలియదు, నేను ఏమనాలో ఆయనకు తెలియదు. పక్కనే గట్టు మీద కూర్చుని మోకాలికి పట్టీ చుట్టుకుంటున్న మనిషి చెయ్యెత్తి మేనేజరును ఆపాడు. దేవదానం అన్న మధ్యలో నిలబడి ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పాడు.

"బూట్లు ఎందుకిప్పినవ్?"

"కల్లంల అడుగువెట్టినట్లు అనిపిచ్చింది సారూ. మా దిక్కు కల్లంలకు చెప్పులేస్కొని పోరు. అన్నం ఉండే జాగ గద."

ఆయన మైదానం మొత్తం ఒకసారి చూశాడు. "ఈడ అన్నం ఏడుంది?"

"నాకైతే ఉంది సారూ. నీకు గూడ ఉన్నట్లే ఉంది."

దేవదానం అన్న ఈ రెండో మాట చెప్పాలా వద్దా అని నా వైపు గుడ్లురిమి చూసి, చివరికి చెప్పాడు. ఆ పెద్దమనిషి పకపకా నవ్వాడు. ఖర్జూరాలు ఎండబోసిన చాప మీదికి చెప్పులతో వస్తే వాళ్ల అవ్వ వీపు విమానం మోత మోగించేదట. మేనేజరుతో ఏదో చెప్పాడు. గడ్డి కోసే మిషన్ నడిపేటప్పుడు బూట్లు తప్పనిసరి, నీళ్లు పట్టేటప్పుడు నా ఇష్టం అని తీర్పు అయింది. ఆయన ఎవరో సాయంత్రం గదికి పోయాక గానీ నాకు తెలియదు. తెలిశాక దేవదానం అన్న అన్నాడు: "ఓరి నీ బండవడ! దేశమంత ఆ మనిషిని ముట్టుకుంటే సాలనుకుంటరు. నువ్వు వచ్చిన్నాడే జవాబులు జెప్తివి."

కొన్ని నెలల తర్వాత ప్రాక్టీసు మైదానంలో ఒక మూల కొత్తగా గడ్డి విత్తనం చల్లాం. పిచ్చుకలు గుంపులుగా దిగాయి. మేనేజరు వల తెప్పిస్తానన్నాడు, అది ఎంతకూ రాలేదు. నేను నైలాన్ తాడు పేని ఒక ఒడిసెల తయారు చేశాను. జొన్నచేలో మంచె మీద నిలబడి ఒడిసెలతో రాళ్లు విసురుతూ పెరిగినవాడికి పిట్టలు తోలడం ఎవరైనా నేర్పాలా? పిట్టకు తగలకుండా పిట్ట పక్కన రాయి పడాలి, అదే అందులో ఉన్న పని. అలా విసురుతుంటే ఒక రాయి దూరంగా ఉన్న గోలు కమ్మీకి తగిలి ఖంగుమని మోగింది. ఒంటరిగా కసరత్తు చేసుకుంటున్న కాప్తన్ తల ఎత్తాడు. "మల్లొకసారి కొట్టు," అన్నాడు. కొట్టాను. మళ్లీ మోగింది. ఆయన ఒక బంతి తీసి నా చేతిలో పెట్టాడు.

"దీన్ని ఉత్త చేతితోని, నా తలకాడికి ఎయ్యగల్తవా?"

"ఏస్త. తల పల్గితే నా మీద పెట్టొద్దు మరి."

అలా మొదలైంది. కాలితో తన్నిన బంతి ఒక్కోసారి ఒక్కోచోట పడుతుంది, దాని వెంట మోకాలు ఊరికే దూకాల్సి వస్తుంది. ఆ మోకాలికి ఇంకా ఎన్ని దూకుళ్లు మిగిలాయో ఎవరికీ తెలియదు. చేత్తో వేసిన బంతి అయితే సరిగ్గా ఎక్కడ కావాలంటే అక్కడికి వస్తుంది. జట్టంతా స్నానాలు చేసి వెళ్లిపోయాక, సాయంత్రపు అసర్ నమాజు అయిన తర్వాత, ఆయన, నేను, ఒక సంచీ నిండా బంతులు. నేను మూల జెండా దగ్గర నిలబడి విసరడం, ఆయన తలతో కొట్టడం. మొదట్లో నా బంతులు మేడ మీదికి, మురిక్కాలువలోకి పోయాయి. క్రమంగా చెయ్యి తిరిగింది.

దానికి ఆయన ఒక పద్ధతి పెట్టాడు. ప్రతి బంతి తర్వాత అది ఎవరిదో గట్టిగా చెప్పాలి. బంతి బాగా వచ్చి ఆయన తప్పితే ఆయనది. నేను చెడగొడితే నాది. మంచి గోలు పడినా అంతే. నా బంతే అంత చక్కగా వచ్చి, ఆయన ఊరికే తల ఆనిస్తే గోలు పడిందనుకోండి, అది నాది. ఈ లెక్కకు మీ భాషలో ఏమంటారని అడిగి, నాది, నీది అనే రెండు మాటలు తెలుగులోనే నేర్చుకున్నాడు. ఆ మైదానంలో సాయంత్రమంతా ఆ రెండు మాటలే వినిపించేవి. నాకు మొదట్లో ఒళ్లు మండేది. నాకు నోరు ఎక్కువ, మెప్పు మీద ఆశ ఇంకా ఎక్కువ. దూరం నుంచి అంత కష్టపడి విసిరితే, జానెడు పక్కకు పోయిందని మొహం మీదే "నీది" అంటాడా? ఒకసారి ఉండబట్టలేక అన్నాను.

"గాలి వచ్చింది కాప్తన్. నేనేం జేయాలె?"

"గాలి ఉన్నదని నీకు తెల్వదా?"

"తెల్సు."

"మరైతే నీదే."

అంతే, ఇంకో బంతి అందుకోమని చెయ్యి చూపించాడు. కానీ అదే మనిషి, బంతి నెత్తి మీదికి వచ్చినా తప్పిన రోజున, ఎవరూ చూడని ఆ ఖాళీ మైదానంలో, గడ్డి పెంచే నా ముందు, గుండె మీద చెయ్యి పెట్టుకుని "నాది" అనేవాడు. దేశం మొత్తం మెచ్చుకునే మనిషి! ఆ మాట అనేటప్పుడు ఆ మొహంలో కొంచెం కూడా చిన్నతనం కనిపించేది కాదు. నేను అబ్బురపడి చూసేవాణ్ని. మ్యాచుల్లో కూడా అంతే. గోలు ముందు ఖాళీ జాగాలోకి పరుగెత్తేవాడు, పిల్లగాళ్లు బంతి ఇవ్వకుండా తామే కొట్టి చెడగొట్టేవాళ్లు. చేతులు విదిలించడం, ఆకాశం వైపు చూడటం, ఏమీ ఉండేది కాదు. తిరిగి వచ్చి మళ్లీ అదే పరుగు. ఏమైనా అనొచ్చు కదా అని నేను అంటే, "ఉరుకుడు నాది. ఇచ్చుడు వాళ్లది," అన్నాడు.

చివరి సీజన్లో ఆయన ఆ పాత రికార్డును అందుకున్నాడు. సమానమైంది. ఇంక ఒక్క గోలు పడితే ఆ దేశంలో ఆయన కంటే ఎక్కువ కొట్టినవాడు ఉండడు. సరిగ్గా అప్పుడే కొత్త కోచ్ వచ్చాడు. అతనికి పరుగెత్తే కుర్రాళ్లు కావాలి, మోకాలు పోయిన ముసలాయన అక్కర్లేదు. కాప్తన్‌ను బెంచి మీద కూర్చోబెట్టాడు. సీజను అయిపోగానే ఒప్పందం అయిపోతుంది, కొత్తది రాయరని అందరికీ తెలుసు. ఒక్కో మ్యాచ్ అయిపోతుంటే నాకు అన్నం సయించేది కాదు. ఆయన మాత్రం రోజూ వచ్చి, బూట్లు కట్టుకుని, "బంతులు తీస్కరా యాకూబ్" అనేవాడు. నన్ను వాళ్ల భాషలో యాకూబ్ అనేవాడు.

ఇక రెండే మ్యాచులు ఉన్నాయనగా, చివరి కొన్ని నిమిషాలకు ఆయన్ని ఆటలోకి పంపారు. గుంతలు పడిన గడ్డిని సరిచేయడానికి మేము గోలు వెనకాలే కూర్చుంటాం, నేను సరిగ్గా స్తంభం పక్కన ఉన్నాను. పక్క నుంచి బంతి లేచి వచ్చింది. కాప్తన్, అవతలి జట్టు డిఫెండరు ఇద్దరూ ఒక్కసారే ఎగిరారు. తలకు తల టప్పున కొట్టుకుంది, బంతి గోల్లో పడింది, ఇద్దరూ కింద పడ్డారు. స్టేడియం పగిలిపోయింది అంటే నమ్మండి. మైకులో ఆయన పేరు, తెర మీద ఆయన బొమ్మ, పటాకులు. కనుబొమ్మ చిట్లి నెత్తురు కారుతున్న మనిషిని, తూలుతూ ఉన్నవాణ్ని, భుజాల మీదికి ఎత్తుకున్నారు. దేవదానం అన్న పార పట్టుకుని దరువు వేస్తూ ఎగురుతున్నాడు. నేను కూర్చున్నచోటనే ఉండిపోయాను. ఎందుకంటే నేను చూశాను. బంతి ముందుగా ఆ డిఫెండరు నొసటికి తగిలింది. అక్కడి నుంచే గోల్లోకి పోయింది. కాప్తన్ తల రెప్పపాటు ఆలస్యంగా వచ్చి అతని తలకు తగిలింది. బంతికి తగల్లేదు.

మర్నాడు సాయంత్రం, కనుబొమ్మ మీద కుట్లతో, ఆయన ప్రాక్టీసు మైదానానికి వచ్చాడు. నేను, దేవదానం అన్న నీళ్లు పడుతున్నాం. నా ముందు నిలబడ్డాడు.

"యాకూబ్, దెబ్బ తాకినంక నాకేం యాదికి లేదు. టీవీల ఎన్నిసార్లు జూసినా మా ఇద్దరి తలకాయలే కనవడుతున్నయ్. అందరు నాదే అంటున్నరు. నువ్వు గోలు ఎనకనే ఉంటివి. జెప్పు. నాదా, కాదా?"

దేవదానం అన్న నా వెనకనుంచి అంగీ పట్టి గుంజాడు. తెలుగులో గొణిగాడు: "నీదే అని జెప్పు తమ్మీ. దేశమంత పండుగ జేసుకుంటుంది. ఒక్క మాట! నీదేం పోతది?"

నిజమే, నాదేం పోతుంది? లీగు వాళ్లు ఆయనదే అని ప్రకటించేశారు. కాదంటే మిగిలింది ఒక్క మ్యాచ్. అందులో కోచ్ ఆయన్ని దింపుతాడో లేదో తెలియదు, దింపినా ఆ మోకాలితో గోలు పడుతుందో లేదో తెలియదు. షట్టరు చప్పుడు నాటి నుంచి ఆ మనిషి చేసిన కష్టమంతా నా నోట్లో మాట మీద ఆగి ఉంది. 'నీదే' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ రోజూ సాయంత్రం ఆయన నాతో ఆడిన ఆటలో ఒక్కనాడు కూడా నాది తనదని అనలేదు, తన తప్పు నా మీద వేయలేదు. అలాంటి మనిషి కళ్లలోకి చూస్తూ, ఆయన నేర్చుకున్న నా రెండు మాటల్లో ఒకదాన్ని అబద్ధం చేయడం నా వల్ల కాలేదు.

"నీది గాదు కాప్తన్," అన్నాను. "బంతి ముందు వాని నొసలుకు తాకింది. నీ తల ఎనక వచ్చింది."

ఆయన ఖాళీ గోలు వైపు చూశాడు. అప్పుడు నా భుజం మీద చెయ్యి వేసి, "మంచిది," అన్నాడు. "కుట్లున్నయ్, ఇయ్యాల తలతోని వద్దు. కాళ్లకాడికి దొర్లియ్యి. బంతులు తీస్కరా." రికార్డు పోయిందని తెలిసిన అరనిమిషానికి ఆ మనిషి పనిలోకి దిగాడు.

ఆ మరుసటి రోజే ఆయన తనంతట తాను వెళ్లి, ఆ గోలు నాది కాదు, తీసేయండి అని లీగు వాళ్లకు చెప్పాడు. క్లబ్బు పెద్దలు బతిమిలాడారట, సన్మానానికి అందరినీ పిలిచాం, పరువు పోతుంది, ఎవరు అడిగారు నిన్ను అని. ఆయన వినలేదు. గోలు డిఫెండరు ఖాతాలోకి పోయింది. కొందరు ఆయన్ని మెచ్చుకున్నారు, కొందరు పిచ్చివాడన్నారు. గేటు ముందు కొందరు కుర్రాళ్లు మా రికార్డు పోగొట్టావని ఆయన మీదే కేకలు వేశారు. ఎవరికీ నా పేరు చెప్పలేదాయన, గోలు వెనక ఎవరో చూశారన్న మాట కూడా రానివ్వలేదు. దేవదానం అన్న మాత్రం నాతో మాట్లాడటం మానేశాడు. కూర గిన్నె నా ముందుకు తోసి మొహం తిప్పుకునేవాడు. ఇంటికి ఫోన్ చేస్తే నా భార్య సువార్త కూడా అదే పాట.

"ఏందయ్యా, నోరు మూస్కొని ఉండరాదా? గాయిన కోపమొచ్చి పనిలకెల్లి తీసేస్తే?"

"తీసెయ్యడే."

"గంత నమ్మకమేంది?"

"నీకు తెల్వదు. ఆ మనిషిని జూస్తే తెలుస్తది."

చివరి మ్యాచ్ రోజు వచ్చింది. మోకాలు వాచి, నొప్పి తెలియకుండా సూది వేయించుకుని బెంచి మీద కూర్చున్నాడు. ఆట అయిపోవస్తున్నా కోచ్ పిలవలేదు. గ్యాలరీలో జనం ఆయన పేరు పట్టుకుని ఒకటే అరుపు. మొన్న గేటు ముందు ఆయన్ని తిట్టినవాళ్లు కూడా అందులో ఉన్నారేమో. ఆఖరికి కోచ్ చెయ్యి ఊపాడు. కాప్తన్ లేచాడు, కుంటుతూ లోపలికి వచ్చాడు. వచ్చిన కాసేపటికే తలకు సరిపోయే బంతి వచ్చింది, ఎగిరాడు, అందలేదు. గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. దూరం నుంచి పెదవులు కదలడం చూశాను, ఏమన్నాడో నాకు తెలుసు. 'ప్రభువా, ఒక్కటి, ఒక్కటే' అని నేను కళ్లు మూసుకున్నాను.

కళ్లు తెరిచేసరికి కార్నర్ వచ్చింది. గోలీ గుద్దిన బంతి ఒకడి వీపుకు తగిలి, ఇంకొకడి కాలికి తగిలి, ఎటు పోతుందో తెలియకుండా గుంపులో ఎగిరింది. కాప్తన్ కింద పడుతున్నాడు. ఆ పడటంలో బంతి వచ్చి ఆయన మోకాలి పట్టీకి ధబ్‌మని కొట్టుకుని, గీత దాటి గోల్లోకి దొర్లింది. నాకు చెయ్యి చాపితే అందేంత దగ్గరలో జరిగింది. తెల్లటి పట్టీ మీద తడి గడ్డి మరక గుండ్రంగా పడింది. జట్టంతా ఆయన మీదికి పరుగెత్తుకొస్తున్నారు, రిఫరీ ఈల వేశాడు, స్టేడియం లేచింది. ఆయన ఎవరి వైపూ చూడలేదు. మోకాలు మొద్దుబారి ఉంది, ఏం తగిలిందో ఆయనకు తెలియదు. బోర్లా పడినవాడు మోచేతుల మీద లేచి, తెర వైపు చూడకుండా, రిఫరీ వైపు చూడకుండా, గోలు వల సందులోంచి నా వైపు చూశాడు. నోటితో అడగలేదు, కళ్లతో అడిగాడు.

నేను లేచి నిలబడి గొంతు చించుకున్నాను. "నీదే! నీదే కాప్తన్! సచ్చినంత ఒట్టు, నీదే!"

లక్షణంగా తెలుగులో అరిచాను. అంత పెద్ద స్టేడియంలో ఆ మాట అర్థమైనవాళ్లు దేవదానం అన్న, నేను, ఆయన. నొసలు గడ్డికి ఆనించి ఆయన ఏడ్చేశాడు. అప్పటిదాకా నాతో మాట్లాడని దేవదానం అన్న నన్ను కావలించుకుని, "నీ నోట్ల చక్కెర వడ!" అని వెక్కివెక్కి ఏడ్చాడు. నేనెంత ఏడ్చానో నాకు తెలియదు. ఎవరో పెద్దాయన మైకులో మాట్లాడుతున్నాడు, పూలదండలు వస్తున్నాయి, కాగితం ముక్కలు రాలుతున్నాయి, మర్నాడు అవన్నీ ఊడ్చేది మేమే అన్న సంగతి కూడా ఆ క్షణం నాకు గుర్తులేదు.

మర్నాడు పొద్దున్నే ఊడుస్తున్నాం. సీజన్ అయిపోయింది, ఆయన ఒప్పందం అయిపోయింది, ఆయనకు జన్మలో ఇంక మ్యాచ్ లేదు. రికార్డు ఆయనది. పేపర్ల నిండా ఆయన బొమ్మే. గేటు చప్పుడైంది. భుజానికి సంచీ తగిలించుకుని కాప్తన్ కుంటుకుంటూ లోపలికి వచ్చాడు. కుట్లు విప్పేశారు, కనుబొమ్మ మీద ఎర్రటి గీత. గట్టు మీద కూర్చుని బూట్లు కట్టుకోవడం మొదలుపెట్టాడు. నేను చీపురు పట్టుకుని నోరు తెరుచుకుని చూస్తున్నాను.

"ఇంకెందుకు కాప్తన్? అయిపాయె గద!"

"నిన్న మోకాలికి తాకి పోయింది," అన్నాడు. "నేను కొట్టింది గాదది. తలతోని ఒక్కటి సరింగ వడాలె. బంతులు తీస్కరా."

తెచ్చాను. మూల జెండా దగ్గరికి పోయి నిలబడ్డాను. మొదటిది నేను చెడగొట్టాను, నాది అన్నాను. తర్వాతది ఆయన చెడగొట్టాడు, నాది అన్నాడు. ఎండ ఎక్కుతోంది, దేవదానం అన్న ఊడ్చడం ఆపి చూస్తున్నాడు. చివరికి ఒక బంతి నా చేతిలోంచి పోయిన క్షణమే తెలిసింది. ఆయన అప్పటికే కదిలాడు. ఆ వయసులో, ఆ మోకాలితో లేచాడు, గాలిలో ఆగాడు, నేను చెబుతున్నాను కదా, నిజంగా ఆగాడు, బంతి వల మూలకు పోయి కూర్చుంది. చప్పట్లు కొట్టడానికి ఎవరూ లేరు. దేవదానం అన్న "అబ్బా!" అన్నాడు, అంతే. కాప్తన్ కాసేపు ఆ వల వైపే చూశాడు. "ఇది నాది," అన్నాడు. తర్వాత కూర్చుని బూట్లు విప్పాడు.

నేను వచ్చేసి చాలా కాలమైంది. ఇప్పుడు బడి మైదానం చూసుకుంటాను, నా చేన్లో పల్లి వేసుకుంటాను. నిరుడు వానలు బాగా పడి మా వైపు చెప్పలేనంత పంట పండింది. ఊళ్లో అందరూ యాకోబు సేద్యం అంటే సేద్యమని పొగిడారు. ఈ ఎండాకాలం నేను ఆ చేను గట్లన్నీ తవ్వి మళ్లీ మొదటి నుంచి వేస్తుంటే సువార్త గంప కింద దించి నడుము మీద చేతులు పెట్టుకుంది.

"నిరుడు గంత మంచిగ వండిన చేను. ఇప్పుడు దీనికేమొచ్చింది? ఎండల ఎవరు జూస్తరని గింత కష్టం?"

"నిరుడు వండిచ్చింది వానే. నాది గాదది," అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఆ కాప్తన్ నిన్ను సక్కగ బతకనియ్యకుండ జేసిండు," అని తిట్టుకుంటూనే ఇంకో పార తీసుకుని నా పక్కన నిలబడింది.